నాన్నగారి టాబ్లెట్ల కోసం స్థలం అమ్మేయాలా?

గుంటూరు నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. నాన్నగారికి 63, ఊపిరితిత్తుల కాన్సర్, బయాప్సీ ముక్కని జీన్ టెస్ట్‌కి పంపితే ఈజీఎఫ్‌ఆర్ అనే జీన్‌లో మార్పు (మ్యుటేషన్) ఉందని వచ్చింది, డాక్టర్ దానికి పనిచేసే ఆసిమెర్టినిబ్ అనే టాబ్లెట్ రోజుకొకటి వేసుకోమన్నారు, 10 లక్షల హెల్త్ పాలసీ ఉంది, స్థలం అమ్మేయమంటారా అని.

ఆగమ్మా, స్థలం ఎక్కడికీ పోదు. కీమో అయితే ఇన్ని విడతలని చెప్తారు, లెక్క వేసుకోవచ్చు. ఈ టాబ్లెట్ పనిచేసినన్నాళ్ళూ వేసుకుంటూనే ఉండాలి, దీని మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో సగం మందికి దాదాపు 19 నెలల దాకా జబ్బు ముదరలేదు, అందుకని ఇంటద్దె లాగా నెలనెలా కట్టేదనుకుని కనీసం రెండేళ్ళకి లెక్క వేయండి.

ముందు పాలసీ బుక్ తీసి ఓరల్ కీమోథెరపీ, అంటే నోటితో వేసుకునే కాన్సర్ మందులు, అన్న లైన్ వెతకండి. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ ఇలాంటివి కవర్ చేయాల్సిందే అంది గానీ లిమిట్ పెట్టుకోనిచ్చింది, మీరు 10 లక్షలు అనుకుంటున్నది ఆ లైన్లో 2 లక్షలే ఉండొచ్చు. పైగా ఇంట్లో మింగే మాత్రకి అడ్మిషన్ ఉండదు కదా, అది ఎలా ఇస్తారో కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, ఏజెంట్ ఫోన్‌లో "అయిపోద్ది మేడమ్" అంటే నమ్మకండి.

మొదటి స్ట్రిప్ కొనకముందే మందు కంపెనీకి పేషెంట్ అసిస్టెన్స్ ఏమన్నా ఉందా అని ఆసుపత్రి ఫార్మసీలో అడగండి, కొన్ని మందులకి కొన్ని నెలలు కొంటే తర్వాత ఫ్రీగా ఇస్తారు. నా క్లయింట్ ఒకాయన మూడు నెలలు బయట కొనేసి, అప్పుడు అడిగాడు, ఆ బిల్లులు లెక్కలోకే రాలేదు పాపం. ఎవరైనా పాత రేటు చెప్తే కూడా ఒప్పుకోకండి, 2024లో ఆసిమెర్టినిబ్ మీద కస్టమ్స్ డ్యూటీ ఎత్తేశారు, జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. జెఫిటినిబ్ అని ఇదే రకం పాత మందు ఉంది, జెనరిక్ చాలా చవక, నాన్నగారికి అది సరిపోతుందా అని డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి, కానీ నిర్ణయం ఆయనదే.

డబ్బు తీయాల్సొస్తే ముందు ఎఫ్‌డీ, తర్వాత పీపీఎఫ్. పీపీఎఫ్ ఐదేళ్ళు దాటితే తల్లిదండ్రుల ప్రాణాంతక జబ్బుకి ముందే క్లోజ్ చేయనిస్తారు, వడ్డీ 1 శాతం తగ్గుతుంది, అంతే. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటే ఇలాంటి పెద్ద జబ్బుల వైద్యం ఖర్చుకి (1961 ట్యాక్స్ చట్టంలో 80డీడీబీ సెక్షన్) ఆదాయంలోంచి లక్ష దాకా మినహాయింపు, స్పెషలిస్ట్ ప్రిస్క్రిప్షన్ దాచుకోండి.

స్థలాన్ని నెమ్మదిగా బేరానికి పెట్టి ఉంచండి. ఆసుపత్రి సంగతి మాత్రం బ్రోకర్ చెవిన పడనీయకండి, గజానికి వెయ్యి కోసేస్తాడు.