మొదటి డాక్యుమెంటరీకే టెహ్రాన్ వెళ్లాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తమిళం, బయట తెలుగు మాట్లాడతాం. టెహ్రాన్‌లో ప్రభుత్వ అనుమతి లేకుండా, ఇళ్ల సెల్లార్లలో చాటుగా పాటలు కట్టుకునే యువ బృందాలతో నాకు ఆన్‌లైన్‌లో పరిచయం ఉంది. అక్కడికి వెళ్లి వారిపై డాక్యుమెంటరీ తీయాలని నా కోరిక. నాన్నగారు బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరమంటున్నారు. ఈ రంగంలో బతుకుదెరువు ఉంటుందా? ఏం చదవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: డాక్యుమెంటరీ తీయండి. అయితే మీ మొదటి చిత్రాన్ని టెహ్రాన్‌లో మాత్రం తీయవద్దని నా గట్టి సలహా. మీరు ఆడపిల్ల అనో, దూరదేశం అనో, ఖర్చవుతుందనో నేను ఈ మాట చెప్పడం లేదు. చిత్రీకరణ ముగించుకుని మీరు చెన్నైలో విమానం దిగుతారు; మీ కెమెరా ముందు మనసు విప్పి మాట్లాడినవారు మాత్రం అదే వీధిలో, అదే పోలీసుల మధ్య ఉండిపోతారు. మీ వల్ల వారికి ఏ ముప్పు రాగలదో ముందే ఊహించి, దాన్నిబట్టి ఏది తీయాలో ఏది తీయకూడదో అక్కడికక్కడే తేల్చుకోగల అనుభవం వచ్చాకే అటువంటి చోట కెమెరా తెరవాలి.

ఇరాన్‌లో ఆల్బం విడుదల చేయాలన్నా, కచేరీ పెట్టాలన్నా సంస్కృతి, ఇస్లామిక్ మార్గదర్శక మంత్రిత్వ శాఖ అనుమతి తప్పనిసరి. 1979 విప్లవం తరువాత, పురుషులున్న సభలో స్త్రీ ఒంటరిగా పాడటంపై నిషేధం వచ్చింది. విదేశీయులు వృత్తిపరంగా చిత్రీకరణ జరపాలన్నా వెళ్లవలసింది ఆ శాఖ దగ్గరికే కనుక, అనుమతి లేని సంగీతాన్ని అనుమతి తీసుకుని చిత్రించడం దాదాపు అసాధ్యం. ఇరాన్ దర్శకుడు బహమన్ గోబాదీ టెహ్రాన్ రహస్య సంగీత బృందాలపై అనుమతి లేకుండానే తీసిన 'నో వన్ నోస్ అబౌట్ పర్షియన్ క్యాట్స్' 2009లో కాన్ చిత్రోత్సవానికి వెళ్లింది. ఆయనా, అందులో ప్రధాన పాత్రలు ధరించిన ఇద్దరు సంగీతకారులూ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 2016 నాటి 'రేవింగ్ ఇరాన్' డాక్యుమెంటరీలో కనిపించే ఇద్దరు టెహ్రాన్ డీజేలు స్విట్జర్లాండ్‌లో కార్యక్రమం ఇవ్వడానికి వెళ్లి, తిరిగి రాకుండా అక్కడే ఆశ్రయం కోరారు. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ పాటలు కట్టిన ర్యాపర్ తూమజ్ సాలేహీకి 2024 ఏప్రిల్‌లో మరణశిక్ష పడింది. జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేశాక, డిసెంబరులో ఆయన జైలు నుంచి బయటికి వచ్చారు. మీ స్నేహితులు "రా, మాకేం భయం లేదు" అని ఉత్సాహంగా పిలుస్తూ ఉండవచ్చు. ఆ పిలుపు నిజమైనదే అయినా, వారి ధైర్యాన్ని మీరు అనుమతిగా తీసుకోకూడదు.

ఇక్కడ పనితనం చాలా చిన్న విషయాల్లో తెలుస్తుంది. ముఖాన్ని మసక చేసినా చేతి మీది పచ్చబొట్టు, కిటికీలోంచి కనిపించే ఎదురింటి బోర్డు, గొంతు, ఇవన్నీ మనిషిని పట్టిస్తాయి. ఫోన్‌తో తీసిన వీడియో ఫైలులో ఆ చోటి వివరం కూడా నమోదై ఉండవచ్చు. అందుకే లొకేషన్ ఆపేసి తీయడం, హార్డ్‌డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేని రక్షణ) పెట్టుకోవడం, సమ్మతి పత్రాన్ని వారికి వచ్చిన భాషలో రాసి చదివి వినిపించడం, ఎడిటింగ్ పూర్తయ్యాక వారికి చూపించి, వద్దన్న దృశ్యాన్ని ఎంత బాగా వచ్చినా తీసివేయడం అలవాటు కావాలి. చివరిది అన్నింటికన్నా కష్టం, దాన్ని పుస్తకం చదివి నేర్చుకోలేరు.

విదేశమే కావాలనుకుంటే కౌలాలంపూర్ గురించి ఆలోచించమంటాను. టెహ్రాన్‌లో మీరు దుభాషి మీద ఆధారపడాలి. మలేసియా తమిళ ర్యాపర్లతో మీ ఇంటి భాషలోనే మాట్లాడవచ్చు. అక్కడి తమిళ హిప్‌హాప్ సినిమా పరిశ్రమ అండ లేకుండా పుట్టింది. 1990లలో పొయెటిక్ అమ్మో బృందంతో పేరు తెచ్చుకున్న యోగి బి, 2006లో నక్షత్ర బృందంతో కలిసి 'వల్లవన్' ఆల్బం తెచ్చారు. అందులోని 'మడై తిరందు' పాట 1980 నాటి 'నిళల్‌గళ్' చిత్రంలో ఇళయరాజా కట్టిన పాట మీద నిలబడింది. ఇలాంటి పాట మీ చిత్రంలో అర నిమిషం వినిపించినా దాని సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు హక్కుదారులెవరో విడివిడిగా తెలుసుకుని, పాత పాట హక్కుల సంగతి కూడా తేల్చుకోవాలి. ఈ పని వదిలేస్తే, పూర్తయిన చిత్రం కూడా ప్రదర్శనకు నోచుకోక ఇంట్లోనే ఉండిపోవచ్చు.

2023 డిసెంబరు నుంచి భారతీయులు 30 రోజుల వరకు వీసా లేకుండా మలేసియా చూసి రావచ్చు. అది పర్యాటకులకు ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. విదేశీయులు చిత్రీకరణ చేయాలంటే స్థానిక నిర్మాణ సంస్థ ద్వారా పుస్పాల్ అనే సంస్థ అనుమతి పొందాలి. అందువల్ల మొదటి ప్రయాణం కెమెరా లేకుండా చేయండి. వారి రిహార్సల్ గదిలో ఓ మూల కూర్చుని, వినండి.

ఆ ప్రయాణానికి ముందు చిత్తూరులోనే ఒక చిత్రం పూర్తి చేయాలి. మన జిల్లా పల్లెల్లో వేసవిలో జరిగే భారతం ఉత్సవాలు మీకు తెలియనివి కావు. పగలు హరికథ, తెల్లవార్లూ వీధి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ, అగ్నిగుండం. తెలుగు, తమిళం రెండూ కలిసి పారే ఈ పాటకు మన పట్టణాల చదువుకున్న ఇళ్లలోనే శ్రోతలు తగ్గిపోయారు. ఒక బృందంలో ఒక్క మద్దెల కళాకారుణ్ణి ఎంచుకోండి. మేకప్ వేసుకునే రేకుల షెడ్డులో ఆయన పక్కన కూర్చోండి, మిగతా ఏడాది ఆయన ఏ పని చేసి బతుకుతున్నారో చూడండి, ఇరవై నిమిషాల చిత్రం చేయండి. మీరు టెహ్రాన్‌లో వెతుకుతున్న ప్రశ్నే, అంటే ఆదరణ లేని చోట మనుషులు ఎందుకు పాడుతూనే ఉంటారన్నది, ఇక్కడా ఎదురవుతుంది. పైగా పొరపాటు జరిగితే మరునాడు వెళ్లి సరిదిద్దుకోవచ్చు.

శబ్దం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే సంగీత చిత్రాలలో ఎక్కువగా చెడేది అదే. మద్దెల మోతకైనా, చిన్న గదిలో స్పీకర్ల హోరుకైనా కెమెరా మైకు తట్టుకోలేక పగిలిన శబ్దాన్ని ఇస్తుంది. మిక్సర్ నుంచి ఒక లైను విడిగా రికార్డర్‌లోకి తీసుకోండి, జనం మధ్య మరో మైకు పెట్టండి, అదే శబ్దాన్ని తక్కువ స్థాయిలో ఇంకొక ట్రాకు మీద భద్రపరచండి. మన దేశంలోనూ, మలేసియాలోనూ కరెంటు 50 హెర్ట్జ్ కనుక సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టుకుంటే ట్యూబులైట్ల కింద బొమ్మ మిణుకుమనదు. తిరుచానూరులోనో తిరుపతిలోనో పెళ్లి వీడియోలు తీసే యూనిట్‌తో ఒక ముహూర్తాల కాలం పనిచేస్తే ఇదంతా చేతికి వస్తుంది, కొంత డబ్బూ వస్తుంది. ఆ పనిని చిన్నచూపు చూడవద్దు.

చదువు విషయానికి వస్తే, మీ డిగ్రీ పూర్తయ్యాక పుణెలోని ఎఫ్‌టీఐఐ (భారత ఫిల్మ్, టెలివిజన్ సంస్థ), కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్, టెలివిజన్ సంస్థలలో మూడేళ్ల కోర్సులకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. డాక్యుమెంటరీ వైపు మొగ్గున్నవారికి ఢిల్లీ జామియా మిలియాలో 1982లో నెలకొల్పిన మాస్ కమ్యూనికేషన్ కేంద్రాన్ని నేను ముందు చెబుతాను. ఆస్కార్ నామినేషన్ పొందిన 'రైటింగ్ విత్ ఫైర్' దర్శకులిద్దరూ అక్కడ చదివినవారే. ఊరికి దూరం వెళ్లలేకపోతే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, జర్నలిజం విభాగం ఉంది. చిత్రం సిద్ధమయ్యాక తిరువనంతపురంలో కేరళ నిర్వహించే డాక్యుమెంటరీ ఉత్సవానికి, ముంబయి ఉత్సవానికి, కాఠ్మాండులోని ఫిల్మ్ సౌత్ ఏషియాకు పంపవచ్చు.

బతుకుదెరువు గురించి దాచకుండా చెప్పాలి. కేవలం సొంత డాక్యుమెంటరీల మీద ఇల్లు గడిచేవారు మన దేశంలో తక్కువ. ఎక్కువమంది ఎడిటింగ్, సౌండ్, సంస్థలకు వీడియోలు, బోధన చేసుకుంటూ మధ్యలో తమ చిత్రాలు తీసుకుంటారు. ఎడిటింగ్ గానీ సౌండ్ గానీ గట్టిగా వచ్చిన మనిషికి పని దొరుకుతుంది కనుక, దర్శకత్వంతో పాటు ఆ రెండింటిలో ఒకటి క్షుణ్ణంగా నేర్చుకోండి.

నాన్నగారి మాటను కూడా కొట్టివేయకండి. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షకు 30 ఏళ్ల వరకు అర్హత ఉంది కనుక ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆ దారి మూసుకుపోదని ఆయనకు వివరంగా చెప్పండి. విదేశీ ప్రయాణానికి డబ్బు ఇప్పుడే అడగవద్దు. డిగ్రీ అయిన నాటి నుంచి ఏడాది గడువు మాత్రం అడగండి. ఆలోగా భారతం చిత్రం పూర్తి చేసి, కనీసం ఒక ఉత్సవానికి పంపి, ఒక ప్రవేశ పరీక్ష రాస్తానని, ఇవి జరగకపోతే కోచింగ్‌లో చేరతానని మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడండి.