ఆస్కిన్ ట్యూమర్, యూయింగ్ సార్కోమా ఒకటేనా?

మీ అబ్బాయి పక్కటెముక దగ్గరి గడ్డకి ఒక రిపోర్టులో ఆస్కిన్ ట్యూమర్ అని, ఇంకో డాక్టరు గారి చీటీలో యూయింగ్ సార్కోమా అని ఉందన్నారు. ఏది నమ్మాలని కదా మీ టెన్షన్? రెండూ నమ్మొచ్చు. జబ్బు ఒకటే, ఎక్కువగా పిల్లల్లో, కుర్రాళ్లలో ఎముకల్లోనో వాటి చుట్టుపక్కల కండల్లోనో వచ్చే ఒక రకం క్యాన్సర్. మా తమ్ముడి ఫైల్లోనూ రెండు పేర్లూ ఉండేవి.

1979లో ఫ్రెడరిక్ ఆస్కిన్ అనే పాథాలజిస్టు (గడ్డల ముక్కల్ని మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టరు), ఆయన సహచరులు పిల్లల ఛాతీలో వచ్చిన ఈ రకం గడ్డలు 20 చూసి రాశారు. ఏ కణం నుంచి పుడుతుందో అప్పటికి తేలలేదు. ఎముకలో వచ్చే గడ్డ గురించి జేమ్స్ యూయింగ్ 1921లోనే రాసి ఉన్నారు. రెండింట్లోనూ 11, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయని తర్వాత బయటపడింది. దాంతో రెండూ ఒకే గూటికి చేరాయి. పాత పేరు మాత్రం కొందరు డాక్టర్ల నోట్లో ఇంకా ఆడుతూనే ఉంది. ఆ పేరుతో వెతికితే పాతకాలం వ్యాసాలే ఎక్కువ వస్తాయి, అప్పటి ఫలితాలు చూసి గుండె జారిపోతుంది. దయచేసి యూయింగ్ పేరుతోనే చదవండి.

పేరు కంటే నిర్ధారణ గట్టిగా జరిగిందా అన్నది చూసుకోండి. మైక్రోస్కోపులో ఇవన్నీ చిన్న గుండ్రటి నీలం కణాలే. లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్), రాబ్డోమయోసార్కోమా (కండరాల క్యాన్సర్) కూడా దాదాపు అలాగే కనిపిస్తాయి. సీడీ99 (కణాల మీద ఉండే ఒక ప్రొటీన్ కోసం చేసే పరీక్ష) పాజిటివ్ అన్నంత మాత్రాన సరిపోదు, కొన్ని లింఫోమాల్లోనూ అది పాజిటివ్ వస్తుంది. మా తమ్ముడికి మొదట ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే ఇన్ఫెక్షన్ అనుకుని మందులిచ్చారు. బయాప్సీ అయ్యాక, తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచే బ్లాకు తీసుకెళ్లి ఇంకో ల్యాబులో ఇచ్చాం. వేలి గోరంత ముక్క, ప్లాస్టిక్ డబ్బీ అంచున పెన్సిల్‌తో రాసిన నంబరు. దాని మీద ఫిష్ టెస్ట్ (క్రోమోజోముల ఆ తారుమారుని పట్టే పరీక్ష) చేశాకే సంగతి తేలింది. ఆ బ్లాకు మీరూ అడిగి తీసుకోండి.

ఎవరో పాన్‌కోస్ట్ ట్యూమర్ అని కూడా అన్నారట. అది వేరు, ఊపిరితిత్తి పైకొసన వచ్చేది, ఎక్కువగా పెద్దవాళ్లలో.

గడ్డని వెంటనే కోసి తీసేద్దామంటే తొందరపడకండి. మామూలుగా ముందు కీమో ఇచ్చి గడ్డని తగ్గించి, తర్వాత పక్కటెముకతో సహా తీస్తారు, ఆపైన మళ్లీ కీమో. అవసరమైతే రేడియేషన్. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు గుండెని దెబ్బతీయొచ్చు కాబట్టి ముందే ఎకో (గుండె స్కాన్) తీయిస్తారు. కీమోతో తర్వాత పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు, అందుకే పిల్లవాడు యుక్తవయసుకి వచ్చినవాడైతే వీర్యం భద్రపరచడం గురించి మొదటి కీమోకి ముందే మీరే అడగండి. మాకు ఎవరూ చెప్పలేదు.