రూపాయికి డాలర్ వచ్చిన రోజులు ఎప్పుడండీ?

ప్రశ్న: 1947లో ఒక రూపాయికి ఒక డాలర్ వచ్చేదని, అప్పట్లో దేశానికి అప్పుల్లేవు కాబట్టి అలా ఉండేదని మా బావగారు ప్రతి ఆగస్టు 15కీ ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెడతారు. నిజమేనా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కాదండీ. అదే మెసేజ్ నాకూ ఏటా వస్తుంది, కింద జెండా బొమ్మతో సహా. 1947లో ఒక డాలర్ కొనాలంటే సుమారు 3 రూపాయల 5 అణాలు (రూపాయికి 16 అణాలు, అణాకి 12 దమ్మిడీలు) పెట్టాల్సి వచ్చేది.

అసలు అప్పట్లో రూపాయికి డాలర్‌తో నేరుగా సంబంధమే లేదు, దాన్ని పౌండ్‌కి కట్టేశారు. 1927లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి రూపాయికి 1 షిల్లింగు 6 పెన్నీలు అని ఖాయం చేసింది. షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి రూపాయికి 18 పెన్నీలు, పౌండ్‌కి 240 పెన్నీలు, భాగిస్తే పౌండ్‌కి 13 రూపాయల 5 అణాల 4 దమ్మిడీలు. ఆ పౌండ్‌కేమో అప్పుడు 4 డాలర్ల 3 సెంట్లు. 13.33ని 4.03తో భాగించి చూసుకోండి, 3.31 వస్తుంది. బావగారికి ఈ భాగాహారం పంపించండి, గొడవైతే నా పేరు చెప్పకండి.

ఇక అప్పుల మాట. అప్పట్లో బాకీ ఉన్నది బ్రిటనే. రెండో ప్రపంచ యుద్ధం కోసం మన దగ్గర తీసుకున్న సరుకులకీ, సైన్యం ఖర్చులకీ ఖాతాలో రాసిపెట్టిన సొమ్ము వంద కోట్ల పౌండ్లకు పైనే. అయినా రూపాయి డాలర్‌తో సమానం కాలేదు, ఎందుకంటే అప్పు లేకపోతే ఒకటికి ఒకటి రావాలన్న రూలేమీ లేదు. జపాన్ లోకానికి అప్పులిచ్చే దేశం, అక్కడ డాలర్‌కి వందకు పైగా యెన్‌లు ఇవ్వాలి. అంతమాత్రాన జపాన్ వాళ్లు మనకన్నా బీదవాళ్లని ఎవరైనా అంటారా?

1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండ్ విలువని 2.80 డాలర్లకు దించేసింది. మనమూ వెంటనే దిగాం, డాలర్ 4.76 రూపాయలైంది. తమాషా ఏమిటంటే పాకిస్తాన్ దిగనంది. దాంతో రాత్రికి రాత్రి వాళ్ల 100 రూపాయలకి మనవి 144 ఇవ్వాల్సి వచ్చింది. కలకత్తా మిల్లులకి జనపనార వచ్చేది అప్పటి పాకిస్తాన్‌లోని తూర్పు బెంగాల్ నుంచే కాబట్టి ఆ రేటు మనం ఒప్పుకోలేదు, వ్యాపారం చాలా రోజులు స్తంభించిపోయింది. పాకిస్తాన్ కూడా చివరికి 1955లో తన రూపాయిని దించుకుంది.

ప్రశ్న: 1966లో రూపాయి విలువ 36.5 శాతం తగ్గించారని ఒక పుస్తకంలో, డాలర్ 57.5 శాతం పెరిగిందని ఇంకో పుస్తకంలో చదివాను. పోటీ పరీక్షకి ఏది రాయాలి? టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థిని, అనంతపురం)

జవాబు: రెండూ కరెక్టేనమ్మా, ఒకే అంకెని రెండు వైపుల నుంచి చూడటమే. 1966 జూన్ 6న డాలర్ 4.76 నుంచి 7.50 రూపాయలైంది, ఇది 57.5 శాతం పెరుగుదల. అదే రూపాయి వైపు నుంచి చూడు. అంతకుముందు రూపాయికి 21 సెంట్లు వచ్చేవి, ఆ తర్వాత 13.33 సెంట్లు, అంటే 36.5 శాతం తగ్గుదల. ప్రశ్నలో ‘రూపాయి విలువ తగ్గింపు’ అని ఉంటే 36.5 రాయి.

ప్రశ్న: 1991లో పీవీ గారు రూపాయిని రెండుసార్లు ఎందుకు తగ్గించారు? ఒకేసారి చేస్తే పోయేది కదా! (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మొదటిది మార్కెట్ నాడి చూడటానికండీ. జులై 1న కొంచెం తగ్గించి చూశారు, జులై 3న మిగతాది, మొత్తం మీద 18 శాతం పైచిలుకు. డాలర్ 21 నుంచి సుమారు 26 రూపాయలకు వెళ్లింది. గుట్టుగా జరగాలని దీనికి ‘హాప్, స్కిప్ అండ్ జంప్’ అని రహస్యపేరు కూడా పెట్టుకున్నారు. మైనారిటీ ప్రభుత్వం కదా, మొదటి దెబ్బకే విమర్శలు రావడంతో రెండోది ఆపమని పీవీ అన్నారట. ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కి ఫోన్ చేసేసరికి ఆయన అప్పటికే దూకేశానన్నారట! ఆ రంగరాజన్ గారే తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు.

ప్రశ్న: పెళ్లిళ్లలో నూట పదహార్లు చదివించడం నిజాం కాలం నాటి మారకపు రేటు నుంచి వచ్చిందంటారు, అవునా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: లెక్క మాత్రం భలే కుదురుతుందండీ. నిజాం రాజ్యపు సొంత నాణెం హాలీ సిక్కా, దాని 7 రూపాయలు బ్రిటిష్ వాళ్ల 6 రూపాయలతో సమానం. ఆ ప్రకారం వాళ్ల 100కి ఇక్కడివి 116 రూపాయల 10 అణాల 8 దమ్మిడీలు. పూర్తి వంద ముట్టాలంటే నూట పదహార్లు ఇవ్వాలన్నమాట. కానీ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. హాలీ సిక్కా ముఖం చూడని గోదావరి జిల్లాల్లోనూ నూట పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు చదివిస్తారు, వాళ్లకి ఈ రేటుతో ఏం పని? పైగా ఆ 10 అణాల 8 దమ్మిడీలు ఏ మేనమామా ఇచ్చినట్టు నేనైతే వినలేదు.