చెరువు పక్క ఫ్లాటు: టోకెన్ ఇచ్చే ముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకు 1,60,000 రూపాయలు చేతికి వస్తాయి, ఇంటి ఖర్చు 45,000 వరకు ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో అమీన్‌పూర్ వైపు, ఎనిమిదేళ్ల క్రితం కట్టిన అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు ఫ్లాటు 80 లక్షలకు వస్తోంది. అంతే విస్తీర్ణం ఉన్న ఫ్లాటు అర కిలోమీటరు అవతల 88 లక్షలు చెబుతున్నారు. రెండు వీధుల అవతల చెరువు ఉంది. అనుమతులన్నీ ఉన్నాయని ఓనరు అంటున్నారు, బ్యాంకు కూడా 60 లక్షల రుణం ఇస్తానంది. మా పొదుపు 30 లక్షలు. వారంలోగా 2 లక్షలు టోకెన్ అడుగుతున్నారు. మా ఆరేళ్ల బాబుకు చలికాలంలో ఆయాసం వస్తుంది. కొనవచ్చా?

జవాబు: అమ్మా, ఈ వారంలో టోకెన్ ఇవ్వకండి. ఆ ఫ్లాటు మంచిది కాదని నేను అనడం లేదు. 8 లక్షలు ఎందుకు తగ్గిందో మీకు ఇంకా తెలియదు, అది తెలియకుండా 20 ఏళ్ల అప్పుకు సంతకం చేయడం మాత్రం సరికాదు.

బ్యాంకు రుణం ఇస్తానన్నదంటే ఇల్లు అన్ని విధాలా క్షేమమని చాలామంది అనుకుంటారు. బ్యాంకు న్యాయవాది చూసేది లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు), ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ప్లాన్ అనుమతి. వాల్యూయర్ చూసేది నేడు అమ్మితే వచ్చే ధర. ఈ పరిశీలన బ్యాంకు తన అప్పును కాపాడుకోవడానికి చేసుకునేది. ఇల్లు నీట మునిగినా, ఆక్రమణ కింద కూల్చివేసినా, దుర్వాసన భరించలేక మీరే ఖాళీ చేసినా ఈఎంఐ ఆగదు. ఈసీ కూడా ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలనే చూపుతుంది, వర్షాకాలంలో అక్కడ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపదు.

మొదట చెరువు విషయం తేల్చుకోండి, ఎందుకంటే మిగతావన్నీ దీని తర్వాతే. 'రెండు వీధుల అవతల' అనేది ఇప్పుడు నీళ్లు కనిపిస్తున్న చోటి నుంచి మీరు వేసుకున్న అంచనా. చట్టం కొలిచేది అక్కడి నుంచి కాదు, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు ఏమీ కట్టకుండా బఫర్‌గా వదలాలి. నాలాలకు కూడా వెడల్పును బట్టి 9 మీటర్లు లేదా 2 మీటర్లు వదలాలి. వేసవిలో ఎండిపోయి కనిపించే మైదానం రికార్డుల్లో శిఖం భూమి, అంటే చెరువు గర్భంలోని భూమి కావచ్చు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఆ చెరువు పేరు వెతికి, ఎఫ్‌టీఎల్ మ్యాపులో మీ సర్వే నంబరు ఎక్కడుందో చూడండి. నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నది కూడా గమనించండి. ప్రాథమికమే అయితే హద్దు ఇంకా ఖరారు కానట్టే. గ్రామ నక్షా (పటం), పాత పహాణీలు (రెవెన్యూ శాఖ భూమి రికార్డులు), గూగుల్ ఎర్త్‌లో గత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తోడు పెట్టుకుంటే లైసెన్సు ఉన్న సర్వేయరు ఆ దూరాన్ని కొలిచి రాతపూర్వకంగా ఇవ్వగలరు. 80 లక్షల వ్యవహారంలో ఆయన ఫీజు దగ్గర వెనకాడవద్దు. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ ఆస్తుల రక్షణకు ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల్లోని కట్టడాల కూల్చివేతలు మొదలయ్యాక, అనుమతి కాగితం ఉన్నంత మాత్రాన ఎఫ్‌టీఎల్ ప్రశ్న తీరిపోదని నగరమంతటికీ తెలిసివచ్చింది.

చెరువుకు ఏ వైపు ఉన్నామన్నదీ ముఖ్యమే. నీరు వచ్చి చేరే ఎగువ వైపున ఉంటే ప్రధానంగా శిఖం, బఫర్ సమస్య. కట్టకు దిగువన, మత్తడి (నిండిన చెరువు మిగులు నీరు బయటకు పోయే చోటు) పారే దారిలో ఉంటే కాగితాలన్నీ సవ్యంగా ఉన్నా వరద ముప్పు తప్పదు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే మత్తడి దూకి కిందిదానికి పోవాలి, ఆ దారిలో ఇళ్లు లేస్తే నీరు ఇళ్లలోంచే పోతుంది. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగినప్పుడు మునిగినవి దిగువ కాలనీలే. అదే నెలలో టోలిచౌకి నదీం కాలనీలో షా హాతిం చెరువు పక్కన రోజుల తరబడి నీళ్లు తగ్గలేదు.

మీరు చూసిన అపార్ట్‌మెంట్ ఆ వానలు కురిసేనాటికే ఉంది కాబట్టి, దానికి ఒక పరీక్ష అప్పుడే జరిగిపోయింది. ఫలితం అసోసియేషన్ లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. ఓనరు ద్వారా ఆ పుస్తకం చూపించమని అడగండి. 2020 అక్టోబరు, నవంబరు పేజీల్లో పంపుసెట్టు అద్దె, మోటారు రీవైండింగ్, లిఫ్టు మరమ్మతు, సంపు శుభ్రం చేయించిన కూలి వంటి పద్దులు వరుసగా కనిపిస్తే సెల్లార్‌లో నీళ్లు నిలిచాయని అర్థం. సెల్లార్‌లోకి దిగి గోడ అడుగుభాగాన్ని కూడా చూడండి: ఒకే ఎత్తులో పెచ్చులూడి ఉప్పు పూసిన గీత గోడ పొడవునా సాగిందా, గేటు ఊచలు కిందనే తుప్పు పట్టాయా, కరెంటు మీటర్ల బోర్డును మొదట బిగించిన చోటి నుంచి పైకి మార్చిన గుర్తులున్నాయా? కొత్తగా సున్నం వేసి ఉంటే ఎందుకు వేశారో అడగండి. మొదటి అంతస్తు మునగకపోవచ్చు. కాని కరెంటు, లిఫ్టు, తాగునీరు లేకుండా చిన్నపిల్లవాడితో నాలుగు రోజులు గడపడం కూడా ఆ ఇంటి ఖరీదులో భాగమే.

అదే పుస్తకంలో ఏప్రిల్, మే నెలల నీటి ట్యాంకర్ల పద్దులు కూడండి. ఏడాది సగటున మీ వాటాకు నెలకు 3,000 రూపాయలు అదనంగా పడుతుందనుకుంటే, 20 ఏళ్లకు 7,20,000 అవుతుంది. మీకు తగ్గిందనుకుంటున్న 8 లక్షల్లో దాదాపు అంతా అక్కడే ఖర్చవుతుంది. బోరు నీటిని గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్ష చేయించండి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కోరదగిన పరిమితి టీడీఎస్‌కు (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తానికి) లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడుకు 1 మిల్లీగ్రాము. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పారిశ్రామికవాడలకు దగ్గరి ప్రాంతం కాబట్టి భారలోహాల పరీక్ష కూడా కలపమనండి.

బాబు ఆయాసం గురించి మీరు చివరన రాశారు. నా దృష్టిలో అది మొదటి వరుసలో ఉండవలసింది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు అటువైపే ఉన్నాయి. బొల్లారంలోనూ పాశమైలారంలోనూ గాలి నాణ్యతను నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఆ వివరాలు కనిపిస్తాయి. పీఎం 2.5 అనే అతి సన్నని ధూళికి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. డిసెంబరు, జనవరి నెలల అంకెలు చూసి, వాటిని పిల్లల డాక్టరుకు చూపించండి. అయితే యాప్ వాసన చెప్పదు. రాత్రి పదకొండు దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, వీలైతే గట్టిగా వాన పడిన మర్నాడు ఇంకోసారి ఆ వీధిలో అరగంట నిలబడండి. ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా కొట్టు ఆమెను, అద్దెకున్న కుటుంబాన్ని అడగండి. అమ్మే పనిలో లేనివాళ్లు దాపరికం లేకుండా చెబుతారు. పక్కన ఖాళీగా ఉన్న స్థలం మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో, రోడ్డు విస్తరణ గీత ఎక్కడుందో కూడా తెలుసుకోండి.

ఇక డబ్బు. 60 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 52,000. మీ జీతాలకు అది మోయగలిగిన భారమే. ఇబ్బంది మరో చోట ఉంది. చేతి నుంచి 20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున దాదాపు 6 లక్షలు పోతే మీ దగ్గర మిగిలేది 4 లక్షలు. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 97,000 కాగా, ఆరు నెలల అత్యవసర నిధికి 5,82,000 కావాలి. అంటే ముప్పు ఎక్కువున్న ఇంటిని నిల్వ తక్కువున్న సమయంలో కొంటున్నారు. గృహ బీమా కొంత ఆదుకుంటుంది: 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ వరద నష్టాన్ని భరిస్తుంది, ఇంట్లోని సామానుకూ కొంత రక్షణ ఇస్తుంది. కాని భూమి హక్కులో లోపానికీ, ఆక్రమణ పేరుతో జరిగే కూల్చివేతకూ ఆ పాలసీ వర్తించదు.

కాబట్టి ఫ్లాటు ఎఫ్‌టీఎల్‌లోగాని బఫర్‌లోగాని ఉందని తేలితే, ఇంకో 10 లక్షలు తగ్గించినా వద్దనండి. హద్దుకు బయట ఉండి, డాక్టరు అభ్యంతరం చెప్పకుండా, 2020లో సెల్లార్ వరకే నీళ్లు వచ్చాయని తేలితే బేరమాడి కొనవచ్చు. 76 లక్షలకు దిగితే, రుణం 60 లక్షలే ఉంచి, తగ్గిన 4 లక్షలను అత్యవసర నిధిలో కలపండి. గాలి, వాసన బాబుకు సరిపడవని డాక్టరు అంటే ధర గురించి మాట్లాడనే వద్దు.

ఓనరుకు నెల రోజుల గడువు అడగండి. తప్పనిసరిగా టోకెన్ ఇవ్వాల్సి వస్తే 2 లక్షలు కాకుండా 25,000 బ్యాంకు ద్వారా ఇచ్చి, సర్వే నివేదిక ప్రతికూలంగా వస్తే 15 రోజుల్లో మొత్తం తిరిగి ఇస్తామని రాయించుకుని సంతకం తీసుకోండి. ఆ వాక్యం రాయడానికి ఆయన ఒప్పుకోకపోతే, ఆ 30 లక్షలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి వేరే ఫ్లాటు చూడడం మొదలుపెట్టండి.