ఇల్లు మారే ముందు మూడు నెలలు ఆ అద్దె కట్టి చూడండి

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో రూ.16,000 అద్దె, రూ.1,500 మెయింటెనెన్స్ కడుతున్నాం. నా ఆఫీసు రాయదుర్గంలో. మెట్రోకు, క్యాబులకు నెలకు రూ.6,000 అవుతోంది. ఇంటికొచ్చేసరికి ఎనిమిది. పాప నాలుగింటికే స్కూలు నుంచి వస్తుంది. మావారు మలక్‌పేటలో పనిచేస్తారు. కొండాపూర్‌లో రూ.28,000 అద్దె, రూ.3,000 మెయింటెనెన్స్‌కు ఇల్లు చూశాం. ఇద్దరికీ కలిపి చేతికి రూ.92,000 వస్తాయి. పొదుపు రూ.1,50,000. మూడు లక్షల చీటీ 20 నెలలది, 6 నెలలు కట్టాం. చీటీ పాడి మారిపోవచ్చా?

జవాబు: చీటీ జోలికి ఇప్పుడు వెళ్లకండి. రూ.60,000 తగ్గించి పాడితే చేతికొచ్చేది రూ.2,40,000. మిగిలిన 14 వాయిదాలు ఎలాగూ కట్టాలి, జామీనుదారులనూ చూసుకోవాలి. నెలకు రూ.15,000 వాయిదా, రూ.31,000 ఇంటి ఖర్చు కలిస్తే జీతాల్లో సరిగ్గా సగం ఒకటో తారీఖునే వెళ్లిపోతుంది.

అసలు మీ సమస్య ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. ఆఫీసు దూరం కాదు, నాలుగు నుంచి ఎనిమిది దాకా పాప దగ్గర ఎవరూ లేకపోవడం. డిజైన్ థింకింగ్ అనే పద్ధతి ఇక్కడే మొదలవుతుంది: ఇంట్లో ప్రతి ఒక్కరి రోజు ఎలా గడుస్తుందో చూడటం, సమస్యను సరిగ్గా రాసుకోవడం, రెండు మూడు దారులు వెతకడం, పెద్ద ఖర్చు పెట్టే ముందు చిన్నగా ప్రయత్నించి చూడటం.

అలా చూస్తే మీ లెక్కలో మీవారి ప్రయాణం లేదు. కొండాపూర్ వెళ్తే మీకు రూ.4,000 మిగలొచ్చు, కానీ ఆయనకు రూ.2,500 దాకా పెరుగుతుంది. అద్దె, మెయింటెనెన్స్ తేడా రూ.13,500. అంటే నికరంగా నెలకు రూ.12,000 అదనం. పాప స్కూలు మారితే అడ్మిషన్ ఫీజు వేరే, అది మీరు అసలు రాయనే లేదు.

మొదటి నెల సంగతి ఇంకా ముఖ్యం. రెండు నెలల అడ్వాన్సు రూ.56,000, మొదటి నెల రూ.31,000, బ్రోకర్‌కు ఒక నెల అద్దె రూ.28,000, సామాను తరలించడానికి సుమారు రూ.15,000, ఏసీ విప్పి బిగించడం, కర్టెన్లు, దోమల మెష్‌లకు ఓ రూ.12,000. మొత్తం రూ.1,42,000. మీ పొదుపులో మిగిలేది రూ.8,000. పాత ఇంటి అడ్వాన్సులో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం మన ఊళ్లో మామూలే. మిగిలింది కూడా ఖాళీ చేసిన రోజే చేతికి రాకపోవచ్చు.

అందుకే వచ్చే ఒకటో తారీఖు నుంచి మూడు నెలలు, జీతం పడ్డ రోజే రూ.12,000 వేరే ఖాతాలోకి మార్చండి. కొండాపూర్‌లో ఉన్నట్టే బతికి చూడండి. ఇరవయ్యో తారీఖుకి అందులోంచి తీయాల్సొస్తే ఆ అద్దె మీ జీతాలకు ఎక్కువ. తీయకుండా నెగ్గితే రూ.36,000 చేతిలో ఉంటాయి, బ్రోకర్ ఖర్చు అందులోనే తీరుతుంది.

ఈలోగా రెండో దారీ చూడండి: మధురానగర్, యూసుఫ్‌గూడ. అవి నాగోల్–రాయదుర్గం మెట్రో లైను మీదే ఉన్నాయి, మీకు రైలు మారే పని లేదు. మీవారు అమీర్‌పేటలో ఒక్కసారి మారితే మలక్‌పేట చేరతారు. మూడోది, ఇల్లు మారకుండా, ఇప్పుడున్న చోటే సాయంత్రం పాపను చూసుకునే మనిషినో డే కేర్‌నో పెట్టుకోవడం. దానికి నెలకు రూ.6,000 అయినా కొండాపూర్ అదనపు ఖర్చులో సగమే. నేనైతే ఈ మూడోదాన్నే ముందు ఒక నెల ప్రయత్నించమంటాను, ఎందుకంటే కుదరకపోతే పోయేది ఆ ఒక్క నెల డబ్బే.

ఇల్లు నచ్చినా ఆదివారం మధ్యాహ్నం చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఆ వీధి నుంచి మీ ఆఫీసుకు, అదే రోజు సాయంత్రం మలక్‌పేట నుంచి అక్కడికి వెళ్లి చూడండి. ఏ నెలల్లో ట్యాంకర్లు వస్తాయో, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా పంచుతారా అని వాచ్‌మన్‌నీ, పక్క ఫ్లాటువాళ్లనీ అడగండి. ఏప్రిల్, మే నెలల్లో చూస్తే బోరు సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు కాబట్టి మారడానికీ అదే అనువైన సమయం. ఆ ఇంటి పాత కరెంటు బిల్లు తీసుకుని బకాయిలున్నాయేమో చూడండి. 11 నెలల అగ్రిమెంటులో లాక్-ఇన్ (ఖాళీ చేయకుండా కచ్చితంగా ఉండాల్సిన గడువు) ఎన్ని నెలలు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటారు అన్నవి రాతలో ఉండాలి. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకుంటుంటే ఓనరు పాన్ నంబరు అప్పుడే అడగండి, ఏడాది అద్దె లక్ష దాటితే అది ఇవ్వాలి. కొత్త విధానంలో ఆ మినహాయింపు లేదు.

ప్యాకర్లతో గొడవ ఎక్కువగా సామాను బండెక్కాకే వస్తుంది, అప్పుడు మీ మాట చెల్లదు. సామాను జాబితా, ఏ అంతస్తు, లిఫ్ట్ వాడనిస్తారా, సామాను తెచ్చే డీసీఎం వ్యాను గేటు దాకా వస్తుందా, ఇవన్నీ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. చివరి చెల్లింపు సామాను దించి, లెక్క చూసుకున్నాకే.