సేవింగ్ ప్రైవేట్ ర్యాన్‌లో చూపించిన యుద్ధం, సైనికుల మానసిక స్థితి నిజానికి దగ్గరగా ఉన్నాయా?

దగ్గరగానే ఉన్నాయి. కాకపోతే అందరూ మెచ్చుకునే బీచ్ సీన్ కాదు, ఆ సినిమాకి ప్రాణం మెట్ల సీన్.

బీచ్ సీన్‌ని తక్కువ చేయడం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న అమెరికా సైనికులు ఫ్రాన్స్‌లోని ఒమాహా తీరంలో దిగడాన్ని దర్శకుడు స్పీల్‌బర్గ్ ఇరవై నిమిషాలకి పైగా ఊపిరి సలపనివ్వకుండా చూపిస్తాడు. తెగిపడిన తన చేతినే వెతుక్కుని పట్టుకుపోయే సైనికుడు, పేలుడికి చెవులు మూసుకుపోయి నోరు తెరుచుకుని చూస్తున్న కెప్టెన్ మిల్లర్ ఒకసారి చూస్తే మరిచిపోలేం. 1998లో సినిమా వచ్చినప్పుడు, చూసి కలతపడిన మాజీ సైనికుల కోసం అమెరికా ప్రభుత్వ శాఖ ప్రత్యేకంగా ఫోన్ లైన్ పెట్టాల్సి వచ్చింది. నిజమా కాదా అనే వాదన నా మటుకు అక్కడితో అయిపోయింది.

మాది పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరానికి దగ్గర ఊరు. మా బాబాయి సైన్యంలో చేశాడు. 1987లో మన దేశం శ్రీలంకకి పంపిన శాంతి సేనతో అక్కడి జాఫ్నా వెళ్లాడు. రిటైరై వచ్చాక ఒకసారి సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, ఈ సినిమా డీవీడీ తెచ్చాడు. బీచ్ సీన్‌లో మేమంతా బిగుసుకుపోయాం. బాబాయి మాత్రం మామూలుగానే ఉన్నాడు. తుపాకులకి ప్లాస్టిక్ తొడుగులు చూసి "ఇసుక, ఉప్పునీళ్లు పోకుండా" అని మాకు వివరించాడు కూడా.

చివర్లో మెట్ల సీన్ వచ్చింది. పై గదిలో మిల్లర్ దళంలోని మెల్లిష్, ఒక జర్మన్ సైనికుడు కలబడుతుంటారు. తూటాల పట్టీలు మెడకి వేసుకున్న అదే దళంలోని దుబాసీ అపమ్ మెట్ల మీదే కూలబడిపోతాడు, పైకి వెళ్లలేడు. మెల్లిష్ గుండెల్లోకి కత్తి మెల్లగా దిగుతుంది. ఆ జర్మన్ కిందికి దిగుతూ అపమ్‌ని ఏమీ చేయకుండా పక్కనుంచి వెళ్లిపోతాడు. మా తమ్ముడు ఊరుకోలేక "ఛీ, పిరికి వెధవ! చేతిలో తుపాకీ పెట్టుకుని!" అని అరిచాడు.

"నోర్ముయ్యరా" అన్నాడు బాబాయి. ఆయన గొంతు అంత గట్టిగా మేం ఎప్పుడూ వినలేదు. టీవీ కట్టేయించి, కాసేపాగి తనే చెప్పాడు. జాఫ్నాలో తాటాకు దడుల మధ్య సన్న సందులు. ముందు నడిచేవాడి కింద మందుపాతర పేలింది. వెనకవాళ్లు వెళ్లి లాక్కురావాలి. "కాళ్లు రాలేదురా. మనసు పొమ్మంటోంది, కాళ్లు రావు. వాడు పిలుస్తూనే ఉన్నాడు." కాళ్లు రానిది తనకో, పక్కవాడికో చెప్పలేదు. మేం అడగలేదు.

ఇంట్లో మేం చూస్తూ పెరిగినవి నాకు అప్పుడు అర్థమయ్యాయి. పిన్ని బాబాయిని నిద్రలేపాలంటే గుమ్మంలోనే నిలబడి "ఏవండీ" అని పిలిచేది. పొరపాటున కూడా ఒంటి మీద చెయ్యి వేసేది కాదు. పంచాయతీవాళ్లు మంచినీళ్ల పైపు వేసి మట్టి కప్పిన చోట బాబాయి అడుగు పెట్టేవాడు కాదు, దూరమైనా చేలగట్టు మీంచే తిరిగి వచ్చేవాడు. ఊళ్లో దాన్ని మిలిటరీ చాదస్తం అనేవారు. నిద్ర పట్టడం లేదని ఆసుపత్రికి వెళితే మాత్రలు రాసిచ్చి పంపేశారు, ఎక్కడ పనిచేశావని అడిగిన డాక్టరు లేడు.

అప్పటికి ఈ జబ్బు లోకానికి తెలియనిదేం కాదు. పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బు) అన్న పేరుతో అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలోకి 1980లోనే ఎక్కింది. అంతకుముందు చాలామంది దాన్ని పిరికితనమనే అనేవారు. 1943లో సిసిలీలో అమెరికా జనరల్ ప్యాటన్ ఆసుపత్రిలో ఉన్న సైనికుల్ని పిరికివాళ్లని తిట్టి చెంపదెబ్బలు కొట్టాడు. మా తమ్ముడి అరుపు కూడా ఆ జాతిదే.

మన సినిమాల మీద నా కోపం ఇదే. మనవాళ్లకి సైనికుడంటే స్లో మోషన్‌లో నడిచి, జెండా పక్కన డైలాగ్ చెప్పేవాడు. లేదా సెలవుకొచ్చి ఊళ్లో రౌడీల్ని తన్నేవాడు. చెయ్యి వణికే హీరోని నేను ఒక్క తెలుగు సినిమాలోనూ చూడలేదు. టామ్ హాంక్స్ చేసిన మిల్లర్‌కి మొదటినుంచీ చెయ్యి వణుకుతుంది. అతను పెన్సిల్వేనియాలో బడిపంతులు. చంపిన ప్రతి మనిషితోనూ ఇల్లు ఇంకాస్త దూరమవుతోందని తనే చెప్పుకుంటాడు. వైద్యం చేసే కుర్రాడు వేడ్ చనిపోయాక, ఎవరికీ కనబడకుండా పక్కకెళ్లి ఏడుస్తాడు. హీరో చేత అలా ఏడిపిస్తే అభిమానులు ఒప్పుకోరని మనవాళ్ల భయం.

ఇంకో మాట. శాంతి సేనలో దాదాపు 1,200 మంది చనిపోయారు. వాళ్లకి కొలంబో దగ్గర శ్రీలంక స్మారకం కట్టింది. ఇక్కడ మాత్రం కార్గిల్ గుర్తున్నంతగా జాఫ్నా ఎవరికీ గుర్తు లేదు. మా ఊరి కుర్రాళ్లకి ఆ పేరు చెబితే క్రికెట్ మ్యాచా అని అడుగుతారు.

ఈ సినిమాతో నాకున్న పేచీ ఒక్కటే. చివర్లో అపమ్ చేతులెత్తేసిన జర్మన్‌ని కాల్చేస్తాడు. చాలామంది దాన్ని "చివరికి మగాడయ్యాడు" అని మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. మెట్ల మీద పడిన దెబ్బే అక్కడ తుపాకీలోంచి బయటికొచ్చింది. మిల్లర్ దళం వెతికి పట్టుకున్న ర్యాన్‌ని ముసలివాడయ్యాక సమాధుల దగ్గరికి తీసుకెళ్లారు సరే, అపమ్‌ని ఇంటిదాకా తీసుకెళ్లలేదు. 1946లో వాడు రాత్రిళ్లు ఎలా పడుకున్నాడు, వాడిని ఎవరు ఎలా నిద్రలేపారు? నాకు కావలసిన సినిమా అదీ.