అడిగేటప్పుడే గంటలు రాసిచ్చెయ్

ప్రశ్న: యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతున్నాను. ఇంట్లోవాళ్లకు భారం తగ్గించాలని మూడు నెలలుగా పార్ట్‌టైమ్ పని కోసం చూస్తున్నాను. ఆన్‌లైన్‌లో ఎన్నిటికి అప్లై చేసినా జవాబు లేదు. ఒకచోట మాత్రం వెంటనే పనిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని అన్నారు. మా మేడమ్ ఏమో వాలంటీరుగా చేస్తే అనుభవం వస్తుందంటున్నారు. రెండూ చేయగలనా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, ముందు ఆ ఫీజు కట్టకు. పని ఇచ్చేవాళ్లు మనకు డబ్బివ్వాలి కానీ మన దగ్గర తీసుకోకూడదు. వీడియోలకు లైక్ కొడితే డబ్బు వేస్తామనేవాళ్లూ ఇంతే. మొదట కొంచెం వేసి నమ్మిస్తారు, తర్వాత పెద్ద మొత్తం కట్టమంటారు. ‘నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, కమిషన్ ఇస్తాం’ అంటే అసలు మాట్లాడకు. మోసపు సొమ్ము నీ ఖాతా మీదుగా పోతే పోలీసులు ముందు నీ దగ్గరికే వస్తారు.

పని కోసం మొదట నువ్వు రోజూ తిరిగే చోటే అడుగు. చదువుకునే రోజుల్లో నేను లైబ్రరీలో తిరిగొచ్చిన పుస్తకాలు సర్దేదాన్ని. ఆ పనికి ప్రకటనేమీ వెయ్యలేదు. మొదటిసారి వెళ్లి ‘ఏదైనా పని ఉందా సార్’ అంటే లేదన్నారు. పది రోజులాగి, ‘సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీ. పుస్తకాలు సర్దగలను’ అని కాగితం మీద రాసిచ్చాను. ఆ వారంలోనే పిలిచారు. ఏదైనా చేస్తానంటే ఏం పని చెప్పాలో వాళ్లు ఆలోచించాలి. గంటలూ పనీ రాసిస్తే వాళ్లకా శ్రమ ఉండదు. విషయాన్ని బట్టి పుస్తకాలకు వేసే డ్యూయీ నంబర్లు రెండు రోజుల్లో వచ్చేశాయి: 500 సైన్సు, 800 సాహిత్యం, 900 చరిత్ర. ల్యాబుల్లో, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో, ప్రాజెక్టులు చేసే ప్రొఫెసర్ల దగ్గర కూడా ఇలాగే అడుగు.

ఆ తర్వాత ఒక ట్యూషన్ సెంటర్లో రెండు నెలలు పాఠాలు చెప్పాను. ఒక నెల జీతమే చేతికొచ్చింది. గట్టిగా అడగడానికి నా దగ్గర రాసిందేమీ లేదు. గంటకెంత, ఏ తేదీన ఇస్తారు అన్నది కనీసం వాట్సాప్ మెసేజ్‌లోనైనా రాయించుకో.

వాలంటీరు పనుల్లో నాకు బాగా దగ్గరైంది, చూపులేని విద్యార్థికి స్క్రైబ్‌గా పరీక్ష రాయడం. ఎకనామిక్స్, మూడు గంటలు. ప్రశ్న చదివి వినిపించాలి, అతను చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఒక జవాబులో సంవత్సరం తప్పు చెప్పాడు. నాకు తెలుసు. పెన్ను ఒక్క క్షణం ఆగింది, అయినా అదే రాశాను, ఎందుకంటే ఆ పరీక్ష అతనిది. ఒకరు చెప్పేది అడ్డు రాకుండా వినడం నేను ఆ గదిలోనే నేర్చుకున్నాను. మీ యూనివర్సిటీలో దివ్యాంగ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్లెవరో కనుక్కుని పేరిచ్చి చూడు. పరీక్షల రోజుల్లో మనుషులు దొరక్క వాళ్లు చాలా ఇబ్బంది పడతారు.

గది దాటకుండా చేయాలంటే జూనివర్స్ అనే వెబ్‌సైటు ఉంది. గెలాక్సీల, అడవి జంతువుల ఫోటోలు చూసి గుర్తించిపెడితే అది పరిశోధకులకు పనికొస్తుంది. పది నిమిషాలు తీరిక దొరికినా చేయొచ్చు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం కూడా 18 ఏళ్లు నిండినవాళ్లకు అనువాదం, డిజైన్ లాంటి పనులు ఆన్‌లైన్‌లో ఇస్తుంది. కానీ లాభం కోసం నడిచే కంపెనీ రోజూ ఆఫీసు పని చేయించుకుని దాన్ని వాలంటీరింగ్ అంటే ఒప్పుకోకు. అది జీతం ఎగ్గొట్టడమే.

రెండూ చేయగలవు, ఒకేసారి మొదలుపెట్టకు. నీకు డబ్బు అవసరం కాబట్టి ఈ సెమిస్టర్ జీతమొచ్చే పని చూసుకో, స్క్రైబ్ పని పరీక్షలప్పుడు ఒకటి రెండు రోజులే కాబట్టి నీ పేపర్ లేని రోజున పెట్టుకో. ఇంకొక్క మాట. నీ పరీక్షలకు ముందు రెండు వారాలు పనికి రానని చేరేరోజే చెప్పు. నేను చెప్పలేదు. మధ్యలో అడగడానికి మొహమాటపడి లైబ్రరీకి వెళుతూనే ఉన్నాను, ఆ సెమిస్టర్లో ఒక పేపర్ పోయింది.